బ్రౌజర్‌లో దాచిన డేటా వరస చెదరకుండా చూసుకోవడం ఎలా

సర్వర్ నుంచి లిస్ట్ సరైన వరసలోనే వస్తుంది, స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది, కానీ దాన్ని ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) దాచి నెట్ లేనప్పుడు మళ్లీ బయటికి తీస్తే అంతా తారుమారు. ఇది బ్రౌజర్ తప్పు కాదు. మీరు ఏ వరసలో పెట్టారన్నది ఆ డేటాబేస్‌కు పట్టదు, దానికి తెలిసింది కీ, అంటే ఒక్కో రికార్డును గుర్తుపట్టే విలువ ఒక్కటే, గెట్‌ఆల్ అని అన్నీ ఒకేసారి అడిగితే చిన్న కీ నుంచి పెద్ద కీ దాకా తీసి ఇచ్చేస్తుంది. ఐడీని కీగా పెడితే ఐడీ వరసే వస్తుంది. సర్వర్ ఇచ్చిన వరసే కావాలంటే దాన్ని కూడా డేటాలో భాగంగా మీరే రాసిపెట్టుకోవాలి.

అన్నిటికన్నా సులువైన దారి ఏంటంటే, రెస్పాన్స్ రాగానే ప్రతి రికార్డుకీ ‘స్థానం’ అని ఒక నంబర్ తగిలించి, ఆ ఫీల్డ్ మీద ఇండెక్స్ (ఆ ఫీల్డ్ వరసలో రికార్డులు తీసిచ్చే పట్టిక) కట్టడం. ఇండెక్స్‌లు డేటాబేస్ వెర్షన్ మారినప్పుడు వచ్చే అప్‌గ్రేడ్ ఈవెంట్‌లోనే కట్టగలం కాబట్టి డేటాబేస్ వెర్షన్ పెంచడం మర్చిపోకండి. ఒకే స్టోర్‌లో (డేటాబేస్‌లో రికార్డులుండే ఒక విభాగం) చాలా లిస్టులుంటే లిస్ట్ పేరు, స్థానం రెండూ కలిపి ఒకే ఇండెక్స్ పెట్టండి. చదివేటప్పుడు కింది హద్దుగా లిస్ట్ పేరు ఒక్కటే ఉన్న అర్రే, పై హద్దుగా లిస్ట్ పేరు పక్కన ఖాళీ అర్రే ఇస్తే చాలు, ఎందుకంటే కీలను పోల్చేటప్పుడు అర్రే అన్నది నంబర్లు, తేదీలు, స్ట్రింగుల కన్నా పెద్దది, అందుకే ఆ లిస్ట్ మొత్తం ఆ హద్దుల్లో పడుతుంది. రెండో పేజీ వచ్చినప్పుడు స్థానం మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టకండి, మొదటి పేజీ ఆగిన చోటు నుంచి కొనసాగించండి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే: స్థానం కచ్చితంగా నంబరే అయి ఉండాలి. స్ట్రింగ్‌గా దాచారంటే "10" వచ్చి "2" కన్నా ముందు కూర్చుంటుంది, స్థానం సున్నా నుంచి మొదలైతే పది ఐటెమ్‌ల దాకా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది కాబట్టి టెస్టింగ్‌లో దొరకదు. ఇంకా దారుణం, స్థానం నల్‌గా ఉన్న రికార్డు ఆ ఇండెక్స్‌లోకే ఎక్కదు, ఎర్రర్ కూడా రాదు, స్టోర్‌లో ఉంటుంది కానీ లిస్ట్‌లో కనపడదు.

అయితే ఒకే ఐటెమ్ ‘కొత్తవి ముందు’ లిస్ట్‌లో మూడోదిగా, ‘ధర తక్కువవి ముందు’ లిస్ట్‌లో నలభయ్యోదిగా ఉంటే ఒక్క స్థానం ఫీల్డ్ సరిపోదు, ఒకదాన్ని ఇంకోటి తుడిచేస్తుంది. అప్పుడు ఐటెమ్‌లను ఐడీ కీతో ఒక స్టోర్‌లో పెట్టి, ఇంకో స్టోర్‌లో ప్రతి లిస్ట్‌కీ ఐడీల అర్రే ఒకటి దాచండి. అర్రేలోని వరస చెక్కుచెదరదు. ఆ రెండో స్టోర్‌కు కీ ఏదంటే ఫిల్టరూ సార్టూ రెండూ కలిపిన పేరు. నా మటుకు నేను పెద్ద యాప్ అయితే మొదటి నుంచీ ఇదే పద్ధతి పెట్టమంటాను, తర్వాత మార్చడం చాలా కష్టం. చదివేటప్పుడు ముందు అర్రే తీసుకుని, అదే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని పనుల కట్ట) ఒక్కో ఐడీకీ గెట్ వేసి, వాటిని ప్రామిస్‌లుగా చుట్టి ప్రామిస్ ఆల్‌కి ఇవ్వండి, ఏది ముందు పూర్తయినా ఫలితాలు మీరిచ్చిన వరసలోనే వస్తాయి. మధ్యలో ఐడీ కీలతో మామూలు ఆబ్జెక్ట్ మాత్రం తయారు చేయకండి, పూర్ణాంకాల్లా ఉన్న కీలను జావాస్క్రిప్ట్ తనంతట తానే చిన్నవాటి నుంచి పేర్చేస్తుంది. మ్యాప్ వాడండి.

కొత్త డేటా వచ్చినప్పుడు ఐటెమ్‌లూ ఐడీల అర్రే రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి, లేకపోతే మధ్యలో ట్యాబ్ మూసేస్తే పాత వరస, కొత్త ఐటెమ్‌లు మిగులుతాయి. ఫెచ్, అంటే సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడం మాత్రం ముందే పూర్తి చేసుకోండి. ట్రాన్సాక్షన్ తెరిచి ఫెచ్ కోసం ఆగితే, ఈలోగా అది దానంతటదే ముగిసిపోయి తర్వాతి పుట్‌కి ఎర్రర్ వస్తుంది.

సరిచూసుకోడానికి, ఐడీలు పెద్దదాని నుంచి చిన్నదానికి ఉన్న పన్నెండు ఐటెమ్‌ల లిస్ట్ ఒకటి దాచి, పేజీ రీలోడ్ చేసి, నెట్ ఆపి చదివి చూడండి.