టీఆర్ఎక్స్ అలారం వస్తే వెంటనే కార్డు పీకకండి

కొత్తలో జీఎస్ఎం (2జీ మొబైల్) టవర్ సైట్‌లో టీఆర్ఎక్స్ (సిగ్నల్ పంపి, అందుకునే రేడియో కార్డు) అలారం అనగానే స్పేర్ కార్డు సంచిలో వేసుకుని పరిగెత్తేవాణ్ణి. చాలాసార్లు పాత కార్డుకు ఏ రోగమూ ఉండేది కాదు.

ఇప్పుడు ముందు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, అది బీసీసీహెచ్ (నెట్‌వర్క్ వివరాలను ఫోన్లకు ప్రసారం చేసే ఛానెల్) మోసే టీఆర్ఎక్సా, మామూలుదా అని అడుగుతాను. మామూలుదైతే 8 టైమ్‌స్లాట్లు (కాల్స్ నడిచే సమయపు ముక్కలు) పోతాయి, సెల్ (ఆ యాంటెన్నా కవర్ చేసే ప్రాంతం) మాత్రం బతికే ఉంటుంది. బీసీసీహెచ్‌దైతే దాన్ని ఇంకో టీఆర్ఎక్స్ మీదకు మార్పించాలి, లేదంటే సెల్ మొత్తం పడిపోతుంది.

తర్వాత ఆ కార్డును లాక్ చేయించి (సేవ నుంచి తప్పించి) ఒకసారి రీసెట్ కొట్టించండి. అలారం మళ్లీ వస్తే, అదే బ్యాండ్‌లోని మంచి కార్డుతో స్లాట్ మార్చి చూడండి. అలారం కార్డుతో పాటే కదిలితే తప్పు కార్డుదే. పాత స్లాట్‌లోనే ఉండిపోతే కేబులో, కాంబైనరో (సిగ్నళ్లను కలిపి యాంటెన్నాకు పంపేది), వెనకున్న కనెక్టరో చూడాలి. వీఎస్‌డబ్ల్యూఆర్ అలారమైతే (సిగ్నల్ యాంటెన్నాకు పోకుండా వెనక్కి తిరిగొస్తోందని అర్థం) నేను నేరుగా ఫీడర్ (యాంటెన్నాకు వెళ్లే కేబుల్) జాయింట్ల దగ్గరికే వెళ్తాను. వానాకాలంలో సగం దొంగలు అక్కడే దొరుకుతారు, టేపు లోపల నీళ్లతో.

కార్డు తీసేముందు పవర్ ఆపాలి, చేతికి ఎర్త్ స్ట్రాప్ ఉండాలి. ఫ్యాన్ ఫిల్టర్ దుమ్ము ఎలాగూ దులపండి.

తీసిన కార్డు మీద స్లాటు, అలారం, తేదీ రాసి అంటించండి. ఒకసారి అలా రాయక, పాడైన కార్డునే మళ్లీ తెచ్చి బిగించాను.