పార్కిన్సన్స్ రోగి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంటే ముందుగా చూడవలసింది

సమస్య: లెవోడోపాతో (మెదడుకు డోపమైన్ అందించే పార్కిన్సన్స్ మందు) నిలకడగా ఉన్న మనిషి కొద్ది వారాల్లోనే అడుగు తీసి అడుగు వేయలేని స్థితికి వస్తాడు. జబ్బు ముదిరిందనుకుని ఇంటివారు లెవోడోపా మోతాదు పెంచమని అడుగుతారు. పార్కిన్సన్స్ సాధారణంగా ఏళ్ల మీద ముదిరే జబ్బు కనుక, ఇంత వేగంగా దిగజారినప్పుడు ఇన్‌ఫెక్షన్‌నో, మధ్యలో చేరిన మందునో అనుమానించాలి.

తెలిసిన కారణం: లేనివి కనిపిస్తున్నాయని హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్ వంటివి మొదలుపెట్టడం. కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్; లెవోడోపా అందించే ఆ డోపమైన్ పనిచేయవలసిన చోటనే ఇవి అడ్డుపడతాయి. ఇది చాలామందికి తెలుసు.

అసలు దొంగ: మానసిక వైద్యుడి చీటీలో ఇవేవీ ఉండవు, అయినా బిగుతు తగ్గదు. అప్పుడు పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రను చూడాలి. రాబెప్రజోల్‌తోనో, పాంటోప్రజోల్‌తోనో కలిపి అమ్మే లెవోసల్పిరైడ్ కూడా డోపమైన్‌ను అడ్డుకునే యాంటీసైకోటిక్ (భ్రాంతుల వంటి మానసిక లక్షణాలకిచ్చే మందుల) కుటుంబంలోనిదే. ఏ మందులు వాడుతున్నారని అడిగితే దీని పేరు ఎవరూ చెప్పరు, ఎందుకంటే గ్యాస్ మాత్రను ఇంట్లో మందుగా లెక్కించరు. వారానికని రాసినది ఏళ్ల తరబడి సాగుతుంది. అందుచేత జాబితా అడగడం మాని, స్ట్రిప్పులన్నీ తెప్పించి, వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మిశ్రమం చదవాలి. డోమ్‌పెరిడోన్ కలిసిన మాత్రకూ దీనికీ పేరులో తేడా తరచుగా చివరి ఒకటి రెండు అక్షరాలే. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకిచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ కూడా ఇదే పని చేస్తాయి.

పరిష్కారం: న్యూరాలజిస్టుకు చూపించి ఆ మాత్రను మాన్పించాలి. తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దీర్ఘకాలం వాడినవారిలో పెదవులు, నాలుక వాటంతటవే కదిలే టార్డివ్ డిస్కినీషియా వస్తే, మందు ఆపినా అది పోకపోవచ్చు. డోమ్‌పెరిడోన్ మెదడులోకి పెద్దగా చేరదు గాని, దానికి మారేముందు ఈసీజీ చూడాలి. లెవోడోపాను మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. తీవ్ర జ్వరంతో, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు.

భ్రాంతులు మిగిలితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం చూడాలి. తరువాత వైద్యుడు ట్రైహెక్సీఫెనిడిల్, అమాంటడిన్, ప్రామిపెక్సోల్ వంటి ఇతర పార్కిన్సన్స్ మందులను క్రమంగా తగ్గిస్తారు. అప్పటికీ తప్పకపోతే తక్కువ మోతాదులో క్వెటియాపిన్ లేదా క్లోజపిన్ ఇస్తారు. మొదటిది మత్తునిస్తుంది, లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోయేలా చేస్తుంది; రెండోదానికి తెల్ల రక్తకణాల పరీక్ష మొదటి నెలల్లో వారం వారం అవసరం. మతిమరుపు జబ్బున్న వృద్ధుల్లో ఈ తరగతి మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరించింది కనుక, మొదలుపెట్టిన రోజే మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో చీటీ మీద రాయించుకోవాలి.

మూర్ఛకిచ్చే వాల్‌ప్రోయేట్ వల్ల వణుకు రావడం అరుదేమీ కాదు; రసాగిలిన్ అనే పార్కిన్సన్స్ మందుతో డిప్రెషన్ మాత్రలు కలిసినప్పుడు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వచ్చే చిక్కు మాత్రం అరుదు. స్ట్రిప్పులన్నీ చదివాక వాటి సంగతి చూడవచ్చు. జ్వరం, చెమటలు, కండరాల అదురు కలిసి వస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.