బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కనెక్ట్ కానప్పుడు అకౌంట్ అనుమతులను సరిచేయడం ఎలా?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఒక విండోస్ సర్వర్‌ను చేర్చబోతే కనెక్ట్ కాలేదన్న సందేశం వచ్చిందంటే, చాలామంది ముందుగా ఫైర్‌వాల్‌నే అనుమానిస్తారు. నెట్‌వర్క్ సవ్యంగానే ఉండి, ఇచ్చిన అకౌంట్‌కు హక్కులు చాలకపోయినా తరచుగా ఇదే సందేశం వస్తుంది కనుక, లోపం ఎటు ఉందో తేలేదాకా ఏ సెట్టింగునూ మార్చకపోవడం మంచిది.

బ్యాకప్ సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన అకౌంట్‌తోనే 'నెట్ యూజ్' ఆదేశం ద్వారా అవతలి సర్వర్‌లోని 'అడ్మిన్ డాలర్' (ADMIN$) షేర్‌కు, అంటే అడ్మిన్ హక్కులున్నవారికి మాత్రమే నెట్‌వర్క్ ద్వారా తెరుచుకునే విండోస్ ఫోల్డర్‌కు, కనెక్ట్ అయి చూడండి. చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు తమ ఏజెంట్‌ను (ఆ సర్వర్‌లో ఉండి బ్యాకప్ పని చేసిపెట్టే ప్రోగ్రామ్‌ను) ఈ షేర్ ద్వారానే విండోస్ ఫోల్డర్‌లోకి పంపి, ఆపైన దానిని సర్వీసుగా నమోదు చేస్తాయి. ఎర్రర్ 53 వస్తే సర్వర్ పేరునూ ఫైల్ షేరింగ్‌కు వాడే 445 పోర్టునూ, 1326 వస్తే యూజర్ పేరునూ పాస్‌వర్డ్‌నూ సరిచూడాలి. 1219 వస్తే అదే సర్వర్‌కు మరో పేరుతో పాత కనెక్షన్ తెరిచి ఉన్నట్టు; దానిని తొలగించి మళ్ళీ ప్రయత్నించాలి. ఎర్రర్ 5 వచ్చిందంటే మాత్రం పాస్‌వర్డ్ సరైనదే, తక్కువైనది అనుమతి.

అప్పుడు ఆ అకౌంట్ అవతలి సర్వర్‌లోని అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉందో లేదో చూడండి. పేరును బట్టి బ్యాకప్ ఆపరేటర్స్ గ్రూపు సరిపోతుందనిపిస్తుంది గానీ, ఫైళ్ళను చదివే హక్కు దానితో వచ్చినా, దూరం నుంచి సర్వీసును ఇన్‌స్టాల్ చేసే హక్కు రాదు.

అసలు చిక్కు గ్రూపులో ఉన్నా ఎర్రర్ 5 తొలగనప్పుడు మొదలవుతుంది. లోకల్ అకౌంటుతో (ఆ ఒక్క యంత్రంలోనే ఉండే అకౌంటుతో) నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయితే, అది అడ్మిన్ అకౌంటే అయినా, యూజర్ అకౌంట్ కంట్రోల్ అనే విండోస్ భద్రతా ఏర్పాటు దాని అడ్మిన్ హక్కులను వడగట్టి మామూలు యూజర్‌గానే లోపలికి పంపుతుంది. విండోస్‌తో పాటే వచ్చే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌కూ, డొమైన్ అకౌంట్లకూ (ఆఫీసు యంత్రాలను ఒకేచోటి నుంచి నిర్వహించే వ్యవస్థలోని అకౌంట్లకూ) సాధారణంగా ఈ అడ్డు ఉండదు. కాబట్టి బ్యాకప్ కోసమే ఒక డొమైన్ అకౌంట్ సృష్టించి, దానిని ఆ సర్వర్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చడం నా దృష్టిలో సరైన పద్ధతి. డొమైన్ లేని చోట, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో 'లోకల్ అకౌంట్ టోకెన్ ఫిల్టర్ పాలసీ' విలువను 1 చేయవచ్చు. అయితే ఆ సడలింపు ఆ యంత్రంలోని లోకల్ అడ్మిన్ అకౌంట్లన్నిటికీ వర్తిస్తుంది కనుక, ఒకే పాస్‌వర్డ్‌ను పది యంత్రాలకు వాడే ఆఫీసుల్లో దాని జోలికి పోకూడదు. పని తొందరలో డొమైన్ అడ్మిన్ అకౌంట్‌నే ఇచ్చేయడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే బ్యాకప్ సర్వర్ దాడిచేసేవారి చేతికి చిక్కితే డొమైన్ మొత్తం చిక్కినట్టే.

అప్పటికీ కుదరకపోతే, అవతలి సర్వర్ ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో 4625 నంబరు ఈవెంట్‌ను వెతకండి. నెట్‌వర్క్ లాగిన్‌ను సూచించే లాగాన్ టైప్ 3 దగ్గర, ఈ రకం లాగిన్‌కు యూజర్‌కు అనుమతి లేదన్న కారణం కనిపిస్తే, నెట్‌వర్క్ ద్వారా ప్రవేశాన్ని నిషేధించే పాలసీలో ఆ అకౌంటో దాని గ్రూపో ఉందేమో చూడాలి. ఏజెంట్ సర్వీసు 1069 ఎర్రర్‌తో మొదలుకాకపోతే, పాస్‌వర్డ్ మారిందేమో చూసి, 'లాగాన్ యాజ్ ఎ సర్వీస్' హక్కును ఇవ్వాలి.

పొద్దున గ్రూపులో చేర్చిన అకౌంట్ మధ్యాహ్నానికి మాయమైతే, డొమైన్ యంత్రాలకు సెట్టింగులను ఒకేచోటి నుంచి పంపే గ్రూప్ పాలసీలోని 'రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్' జాబితాను పరిశీలించండి. పాలసీ అమలైన ప్రతిసారీ ఆ జాబితాలో లేని సభ్యులు తొలగిపోతారు కాబట్టి, బ్యాకప్ అకౌంట్‌ను సర్వర్‌లో కాకుండా అక్కడే చేర్చించాలి.