పేగు స్కానింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: గోడ మందం కొలవడం

పోయిన పాఠంలో అల్ట్రాసౌండ్‌లో పేగును పట్టుకునే గుర్తులు చూశాం. ఎడమవైపు సోయాస్ కండరం, ఇలియాక్ రక్తనాళాల మీదుగా పోయేది సిగ్మాయిడ్, అంటే పురీషనాళానికి ముందుండే పెద్దపేగు భాగం. కుడివైపు అవే గుర్తులు దాటుకుని సీకమ్‌లో (పెద్దపేగు మొదలయ్యే చోట) కలిసేది చిన్నపేగు చివరి భాగం. ఈ రెండూ మీకు ఇంకా తడుముకోకుండా దొరకడం లేదంటే, ఈ పాఠాన్ని పక్కన పెట్టి మరో పది మందికి స్కాన్ చేసి రండి. తొందరేం లేదు.

ఈ రోజు కొలత నేర్చుకుందాం. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్లలో వాపు తగ్గిందా పెరిగిందా అన్నది ముందుగా గోడ మందమే చెబుతుంది. 3 మిల్లీమీటర్లు దాటితే మందమైనట్టు లెక్క. అంటే రూపాయి బిళ్ళలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. అంత చిన్న హద్దు దగ్గర పనిచేస్తున్నాం కాబట్టి అర మిల్లీమీటరు తేడా వచ్చినా రిపోర్టు మారిపోతుంది.

కర్వ్‌డ్ ప్రోబ్‌తో పొట్టంతా ఒకసారి చూసి, కొలతకు లీనియర్ ప్రోబ్ తీసుకోండి. బొమ్మ పెద్దది చేస్తే గోడ పంచె అంచులా చారలుగా కనిపిస్తుంది. లోపలి నుంచి బయటికి తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. మధ్య తెలుపు సబ్‌మ్యూకోసా, దాని బయటి పక్క నలుపు కండర పొర, చివరి తెలుపు సిరోసా, అంటే పేగు పైపొర. మొదటి కాలిపర్ (తెర మీద కొలతకు పెట్టే గుర్తు) పేగు లోపలి ఖాళీకి, మ్యూకోసా అనే లోపలి పొరకి మధ్య అంచు మీద పెట్టాలి. రెండోది నల్ల కండర పొర అయిపోయి తెలుపు మొదలయ్యే చోట. కొత్తవాళ్లు ఆ బయటి తెలుపును కూడా కలిపేసి కొలుస్తారు. దాంతో బాగున్న గోడ కూడా మందంగా తేలుతుంది.

ఒక్క కొలతను నమ్మొద్దు. నిలువుగా రెండు, అడ్డంగా రెండు తీసి సగటు వేయండి. ఒక్కో కొలతకీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఎడం ఉండాలి. ముడతల మీద కొలవొద్దు. పేగు ముడుచుకుని ఉంటే అది వదులయ్యేదాకా ప్రోబ్ కదపకుండా ఆగండి.

ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. కొత్తలో పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక కాలేజీ అబ్బాయికి సిగ్మాయిడ్ 5 మిల్లీమీటర్లు అని రాసిచ్చాను. ఒక్కసారే కొలిచాను, అదీ ముడుచుకున్న పేగు మీద. వాళ్లమ్మ అక్కడే ఏడ్చేసింది. అప్పు చేసి రాయవేలూరు తీసుకెళ్లారు. కొలనోస్కోపీలో పెద్దపేగు శుభ్రంగా ఉంది. ఒక్క నిమిషం ఆగి ఉంటే వాళ్లకు ఆ టెన్షన్ ఉండేది కాదు. ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

నాలుగైదు గంటలు ఏమీ తినకుండా వస్తే గ్యాస్ తక్కువగా ఉండి బొమ్మ బాగా వస్తుంది. కానీ కుప్పం నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన మనిషిని దారిలో ఇడ్లీ తిన్నారని వెనక్కి పంపకండి. తిన్నా కొలవచ్చు.

గోడ మందంగా ఉంటే అది క్రోన్స్ అని రాసేయకండి. పేగు టీబీ మన దగ్గర మామూలే, అదీ చిన్నపేగు చివరి భాగాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. పొట్టలో నీరు, మధ్యలో కుళ్లిన పెద్ద లింఫ్ గ్రంథులు ఉంటే ముందు టీబీ గురించి ఆలోచించండి. బయాప్సీ అవసరాన్ని స్కాన్ తీర్చదు. ఇంకోటి, పొట్ట మీద నుంచి పురీషనాళం సరిగా కనబడదు. జబ్బు అక్కడికే పరిమితమైతే మీ స్కాన్ నార్మల్‌గానే వస్తుంది, ఆ మాట రిపోర్టులో తప్పకుండా రాయండి.

డాప్లర్‌లో రక్తప్రసరణ చూడడం వచ్చే పాఠంలో. ఈలోపు రోజుకు ఇద్దరికి, పేగు జబ్బు లేనివాళ్లకే, సిగ్మాయిడ్ దగ్గర నాలుగు కొలతలు తీసి నోట్‌బుక్‌లో రాసుకోండి. మర్నాడు పాత అంకెలు చూడకుండా, దాచుకున్న బొమ్మల మీదే మళ్లీ కొలిచి, తేడా ఎంతొచ్చిందో పక్కన వేసుకోండి.