తాగి నడిపితే పరిమితి ఎంత? లెక్క ఒకే కొలతలోకి

వేరే దేశంలో కారు అద్దెకు తీసుకునే ముందు మద్యం పరిమితి చూస్తే తల తిరుగుతుంది. ఒకచోట 0.5, ఒకచోట 0.08, ఇంకోచోట 30, మరోచోట 0.15. అంకె పెద్దదైతే చట్టం మెతక అనుకుంటే పొరపాటే, కొలతలే వేరు.

నేను అన్నిటినీ 100 మి.లీ. రక్తంలో ఎన్ని మిల్లీగ్రాములు అనే లెక్కలోకి మార్చుకుంటున్నాను. శాతంలో ఉంటే 1000తో గుణించాలి. వెయ్యికి ఇంత అని (‰ గుర్తుతో) ఉంటే 100తో. లీటరు ఊపిరికి మిల్లీగ్రాముల్లో ఉంటే 200తో. అంతే.

జర్మనీ 0.5‰ అంటే 50. స్వీడన్ 0.2‰ అంటే 20. అమెరికాలో చాలా రాష్ట్రాల 0.08 శాతం 80 అవుతుంది, యూటాలో మాత్రం 50. జపాన్‌లో ఊపిరికి 0.15 అంటే 30, అంటే భారత్‌తో సమానం. కానీ జపాన్‌లో డ్రైవర్ తాగాడని తెలిసీ బండి ఎక్కినవాళ్లకూ శిక్ష ఉంది, అది ఏ అంకెలోనూ కనిపించదు.

ఒక్క జాగ్రత్త. ఊపిరి లెక్క ఉజ్జాయింపే. ఇంగ్లండ్‌లో ఊపిరి పరిమితి 100 మి.లీ.కి 35 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 0.35 మి.గ్రా. దీన్ని 200తో గుణిస్తే 70 వస్తుంది, అక్కడి రక్త పరిమితి మాత్రం 80. కొత్త డ్రైవర్లకైతే ఈ అంకెలు చాలాచోట్ల పనికిరావు. జర్మనీలో 21 ఏళ్లలోపు వాళ్లకు పరిమితి సున్నా. ఇది చట్టం చదువుకోవడానికే, ఎన్ని గ్లాసులు తాగొచ్చో లెక్కేసుకోవడానికి కాదు.