పాట పుట్టుక వెతకడం – 4వ పాఠం: కాళ్ళాగజ్జె మందు చీటీ కాదు

పోయినసారి ‘కాళ్ళాగజ్జె కంకాళమ్మ’ మీ ఊళ్ళో ఎట్లా పాడతారో రాసి పంపమన్నాను. కడప, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నుంచి చాలామంది పాటకు బదులు ఒక వాట్సాప్ మెసేజీ పంపారు. కాళ్ళకు పట్టిన గజ్జికి పెద్దలు పాట రూపంలో దాచిన వైద్యం ఇదట. అందుకే రికార్డింగ్ పాఠం వచ్చేసారికి జరిపాను.

ఆ మెసేజీ పాటలోని మోదుగను, నిమ్మను, గుమ్మడిని మందులని పట్టుకుంది. మరి మీసం సంగతేంది? మిరియాలపోతు, బొమ్మలశెట్టి ఏ గజ్జికి పూయాల? అనుకూలమైన మాటలు ఏరుకుని మిగతావి వదిలేసే వివరణ ఎంత ముచ్చటగా ఉన్నా నమ్మొద్దు. ఇంగ్లండులో ‘క్రిస్మస్ పన్నెండు రోజుల’ పాటకూ ఇదే గతి పట్టింది. 1780 ప్రాంతంలో లండన్‌లో అచ్చయిన ఆ పాటను, మరిచిపోతే జరిమానా ఇచ్చుకునే ఆటగా ఆడేవాళ్ళు. అందులో రహస్య మతబోధ ఉందని 20వ శతాబ్దంలో ప్రచారమైంది, ఆధారం మాత్రం లేదు.

మన పాటను చెవితో పట్టుకోండి. మొగ్గ కాదు మోదుగ నీడ: మొ, మో. నీడ కాదు నిమ్మల బావి: నీ, ని. బావి కాదు బచ్చలికూర: బా, బ. కూర కాదు గుమ్మడిపండు దగ్గర ఆగండి. కూ, గు. హల్లు మారింది, అయినా పద్యం తెలిసినవాళ్ళు తప్పనరు. క, గ ఒకే వర్గం, అచ్చులు ఉ, ఊ. యతి, అంటే మొదటి అక్షరంతో తర్వాత రావాల్సిన చోటి అక్షరం శబ్దంలో కలవడం, చక్కగా కుదిరింది. పోతు కాదు బొమ్మలశెట్టి కూడా అంతే: పో, బొ. బడి మొహం చూడని అవ్వల నోట్లో యతి ఇంత శుద్ధంగా నిలిచింది! ఒక్కో మాట తన శబ్దంతోనే తర్వాతి మాటను లాక్కొచ్చింది. వరస అట్లా పెరిగింది.

పాఠాంతరాలు, అంటే ఒకే పాటకు ఊరూరా మారే రూపాలు, పోల్చడం ఎట్లాగో మళ్ళీ చెప్పను. కడపలో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులు ఎన్నో తెప్పించి, పక్కపక్కన పెట్టి చూసి, 1829లో అచ్చు వేయించాడు. మనదీ అదే దారి.

నేనైతే పాట చెప్పమని ఎవరినీ అడగను. పిల్లల్ని కాళ్ళు చాపించి వరసగా కూచోబెట్టి, “జేజీ, ఆడించు” అంటాను. చెయ్యి ఒక్కో కాలినీ తాకుతూ పోతుంటే మరిచిన చరణాలు వాటంతట అవే వస్తాయి.

అభ్యాసం: మూడు ఊళ్ళలో, ముగ్గురు అవ్వల దగ్గర ఈ ఆట ఆడించి, విన్నది విన్నట్టు రాయండి. మాట మారిన ప్రతిచోటా యతి నిలిచిందా, తప్పిందా గుర్తు పెట్టండి. తప్పినచోట అవ్వను దిద్దొద్దు. అక్కడ పాత మాట ఏదై ఉంటుందో పక్క ఊరి పాటలో వెతకండి.