బంతి చేతిలో ఉంటే మాట చెవికెక్కదు

బెంగళూరు కేఆర్ పురం వైపు బడుల్లో పీఈటీలుగా (వ్యాయామ టీచర్లుగా) చేరుతున్న మన తెలుగువాళ్లకు ముందుగా ఒకటే చెబుతాను. పిల్లలు వినడం లేదని గొంతు పెంచకండి. మీరు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. ఎండ మీ మొహాన పడాలి, వాళ్ల వీపున పడాలి. కళ్లు చికిలించుకునే పిల్లాడికి మీ చెయ్యి ఎలా కదిలిందో ఏం కనబడుతుంది? రోడ్డు, పక్క క్లాసువాళ్ల ఆట కూడా వాళ్ల వెనకే ఉంటే మంచిది. రెండూ కుదరకపోతే ఎండనే చూసుకోండి.

బంతులు ముందే పంచొద్దు. పంచేసి ఉంటే, రెండు పాదాల మధ్య పెట్టుకుని నిలబడమనండి.

వాలీబాల్ అండర్‌ఆర్మ్ సర్వీస్ నేర్పుతున్నారనుకోండి. మొదట నోరు విప్పకుండా, అసలు వేగంతో ఒక సర్వీస్ నెట్ దాటించండి. బంతి అవతల పడేసరికి అందరి చూపూ మీ మీదే ఉంటుంది. తర్వాత పక్కకు తిరిగి, నెమ్మదిగా చూపండి: ఎడమ కాలు ముందు, ఎడమ అరచేతిలో నడుము ఎత్తున బంతి. కుడి చెయ్యి వెనక్కి వెళ్లి, వదిలిన బంతికి అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగం తగలాలి. ఒంటి బరువు ముందు కాలి మీదికి రావాలి. ఎడమచేతి వాటం పిల్లల కోసం ఇంకోసారి అటు తిప్పి చూపండి, వాళ్లను ఎవరూ పట్టించుకోరు. బంతిని వదలకుండా కొడితే సర్వీస్ చెల్లదని అప్పుడే చెప్పేయండి.

కన్నడ మాటలు మూడు చాలు: హిందె (వెనక్కి), బిడు (వదులు), హొడి (కొట్టు). మా క్లాసులో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ ఇళ్ల పిల్లలున్నారు. పొడుగు వివరణ సగంమందికి చేరదు, ఈ మూడూ అందరూ కలిసి అరుస్తారు.

నిమిషం దాటకుండా ఆటలోకి దింపండి. నలభై మందిని ఒక్క నెట్ ముందు క్యూ కట్టిస్తే శ్రద్ధ అక్కడే పోతుంది. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా అయిదారు మీటర్ల దూరంలో నిలబెట్టండి, నెట్ సంగతి తర్వాత. నెట్ కట్టినా మహిళల ఎత్తు 2.24 మీటర్లు ఆరో తరగతికి ఎక్కువే, కిందకి దించండి. బంతి ఒక్కసారైనా దాటని పిల్ల మీ మాట ఎందుకు వింటుంది?

ఒక విజిల్‌కి సర్వీస్, రెండు విజిల్స్‌కి బంతి పాదాల మధ్యకి. మ్యాచ్‌లోనూ రిఫరీ విజిల్ వేశాక 8 సెకన్లలో సర్వీస్ చెయ్యాలి కాబట్టి, విజిల్ వినడం కూడా ఆటలో భాగమే.

"అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అవుననేస్తారు. "బంతి ఎక్కడ తగలాలో నీ చేతి మీద చూపించు" అని వెనక వరసవాళ్లని అడగండి. ఒకమ్మాయి ఎప్పుడూ పక్కవాళ్లని చూసే మొదలుపెట్టేది. అడిగితే తెలిసింది, ఒక చెవి సరిగా వినబడదట. ఇప్పుడు ఆమెది ముందు వరస, వినబడే చెవి నావైపు. పరధ్యానం అని తిట్టేముందు ఆ సంగతి కనుక్కోండి, క్లాస్ టీచర్‌కీ ఇంట్లోవాళ్లకీ చెప్పండి.